వలిచిన రొయ్యకు ఒక లెక్క, వలవని రొయ్యకు ఇంకో లెక్క

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అంతకుముందే రొయ్యల మీద ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకి విరుగుడుగా వేసేది) సుంకాలు కూడా కలిపితే లెక్క 58 శాతం దాకా పోయింది. గోదావరి జిల్లాల్లో ఆ వారమంతా ఒకటే మాట. వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) ఎంత పలుకుతోంది, కంపెనీలు కొంటున్నాయా లేదా, మేత బాకీ ఎలా తీర్చాలి. టీవీల్లో రైతులు కనిపించారు, ఎగుమతిదారుల సంఘాలు మాట్లాడాయి. సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖ రాస్తూ రాష్ట్రానికి సుమారు 25 వేల కోట్ల రూపాయల నష్టమని, సగం ఆర్డర్లు రద్దయ్యాయని చెప్పారు. అందులో తప్పేం లేదు. కానీ చెరువుకీ ఓడకీ మధ్య ఒక హాలు ఉంటుంది. అందులో మోకాళ్ల దాకా గమ్ బూట్లు, తలకి టోపీ, మూతికి మాస్కు వేసుకుని ఐసు నీళ్లలో చేతులు పెట్టి నిలబడే ఆడవాళ్లు ఉంటారు. వాళ్ల సంగతి పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

ఎగుమతులు పెరిగితే ఉద్యోగాలొస్తాయి, తగ్గితే పోతాయి అని అందరూ అనేదే. రొయ్య సంగతిలో అది సగమే నిజం. ఎన్ని టన్నులు పోయాయన్నది ఒక ఎత్తు, ఆ రొయ్య ఏ రూపంలో పోయిందన్నది ఇంకో ఎత్తు. ప్లాంటులో ఎంతమందికి పని దొరుకుతుందన్నది ఎక్కువగా ఈ రెండోదాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు ఆ హాల్లో రొయ్య వలిచే బల్ల దగ్గరికి వెళ్దాం. చెరువులో పట్టుబడి అయిన రొయ్య ఐసు పెట్టెల్లో ప్లాంటుకి వస్తుంది. కడుగుతారు, తూకం వేస్తారు, సైజుల వారీగా విడదీస్తారు. మన దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నది. అమెరికా పెట్టె మీద 21/25 అని ఉంటే అది పౌండుకి లెక్క. అక్కడి నుంచి అసలు పని మొదలు. తల తుంచాలి. పెంకు వలవాలి. వీపు మీద సన్నగా గాటు పెట్టి నల్ల దారంలా ఉండే పేగు లాగేయాలి. తోక చివర రెక్క ఉంచాలా తీయాలా అన్నది ఆర్డర్‌ని బట్టి ఉంటుంది, ఉంచమన్నప్పుడు అది విరిగితే ఆ రొయ్య వేరే గంపలోకి పోతుంది. 50 కౌంట్ సరుకు ఒక టన్ను అంటే 50 వేల రొయ్యలు. ఒక్కోటీ ఎవరో ఒకరి వేళ్ల మధ్య నుంచి వెళ్లాల్సిందే. వలిచే యంత్రాలు లేక కాదు, ఉన్నాయి. కూలి తక్కువున్న చోట చెయ్యే చవక, పైగా చేత్తో వలిచిన రొయ్య చూడ్డానికి నీటుగా ఉంటుంది. ఈ పని చేసినవాళ్లు ఇంటికెళ్లి కారం అన్నం కలుపుకుంటే వేళ్లు మండుతాయని చెబుతారు. గ్లోవ్స్ ఉన్నా చలి, తడి లోపలికి దిగుతాయి.

ఇప్పుడు అదే టన్నుని తలతో, పెంకుతో అలాగే పంపాలనుకోండి. కడగడం, గ్రేడింగ్ చేయడం, ట్రేల్లో పేర్చి గడ్డ కట్టించడం, అంతే. ఆ హాల్లో చాలా బల్లలతో అవసరమే ఉండదు.

2024-25లో మన దేశం నుంచి 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు పోయాయి, విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో చైనాకి వెళ్లింది 3.96 లక్షల టన్నులు, అమెరికాకి 3.46 లక్షల టన్నులు. తూకంలో చైనాయే ఎక్కువ. డబ్బులో చూస్తే అమెరికా నుంచి 271 కోట్ల డాలర్లు, చైనా నుంచి 127 కోట్ల డాలర్లు. ఈ తేడా అంతా వలుపు కూలి వల్ల వచ్చిందని నేననను. చైనా కొనేదాంట్లో చవక చేపలూ ఉంటాయి, అమెరికా కొనేది దాదాపు అంతా రొయ్యే. కానీ అమెరికా సూపర్ మార్కెట్ వాడికి వలిచి, పేగు తీసి, విడివిడిగా గడ్డ కట్టించిన రొయ్య కావాలి; చైనాలో తల ఉన్న రొయ్యకే గిరాకీ. ఆ ఇద్దరి వంట అలవాట్ల తేడా మన దగ్గర కొన్ని వేల మంది హాజరు పట్టీగా మారుతోంది.

మొదటి నుంచీ ఇలా లేదు. ఒకప్పుడు మన తీరం నుంచి పోయింది ఎండు రొయ్యే. ఇసుకలో ఎండబెట్టి, గోనెల్లో కట్టి రంగూన్‌కి, సిలోన్‌కి పంపేవాళ్లు. ఆ పనంతా మత్స్యకార కుటుంబాల్లోనే జరిగేది, దానికి ఫ్యాక్టరీ అనే మాటే లేదు. 1952లో నార్వే సాయంతో కేరళలో మొదలైన మత్స్య ప్రాజెక్టు, 1953 ప్రాంతంలో కొచ్చి నుంచి అమెరికాకి వెళ్లిన మొదటి గడ్డ రొయ్య, ఈ రెండూ కథ మలుపు తిప్పాయి. ఫ్రీజర్ వచ్చిందంటే పెట్టుబడి వచ్చింది, షిఫ్టులు వచ్చాయి, వలిచే చేతులు కావాల్సి వచ్చింది. 1972లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, మనం ఎంపెడా అనేది, కొచ్చి కేంద్రంగానే ఏర్పడింది. విశాఖలో ట్రాలర్లు పెరిగాక మన వైపు కూడా ప్లాంట్లు లేచాయి. అప్పట్లో పెద్ద ఖాతాదారు జపాన్. వాళ్లు తల తీసి పెంకు ఉంచిన రొయ్యని దిమ్మల్లో కొనేవాళ్లు కాబట్టి వలుపు పని ఓ మోస్తరుగానే ఉండేది.

ఇక్కడొక చిన్న సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్లని రాత్రిపూట ఫ్యాక్టరీల్లో పనికి పెట్టకూడదని చెప్పింది. అదే చట్టంలో 66వ సెక్షన్ చేపలు నిల్వ చేసే, డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలకి రాష్ట్రాలు మినహాయింపు ఇవ్వొచ్చని రాసింది, ముడిసరుకు పాడవకుండా ఉండటానికి. రొయ్య ఎప్పుడొస్తే అప్పుడే వలవాలి, తెల్లారేదాకా ఆగదు మరి. ఈ పని ఆడవాళ్లదేనని చట్టం రాసినవాళ్లకి అప్పుడే తెలుసన్నమాట.

1990ల మొదట్లో టైగర్ రొయ్యల చెరువులు నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా పాకాయి. వరి పొలాలు ఉప్పు నీళ్లయ్యాయి, కొందరు రాత్రికి రాత్రి లక్షాధికారులయ్యారు, 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి అంతే వేగంగా కూలిపోయారు. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు తీరప్రాంత చెరువులకి పగ్గాలు వేసింది. ఆ కథ చాలామందికి తెలుసు. ప్లాంట్ల లోపల జరిగింది అంతగా తెలియదు. వలుపులో చెయ్యి తిరిగిన అమ్మాయిలు అప్పట్లో కేరళలోనే ఎక్కువ. కాంట్రాక్టర్లు వాళ్లని గుజరాత్‌కి, మహారాష్ట్రకి, మన తీరానికి తీసుకొచ్చి ప్లాంట్ల దగ్గరే గదుల్లో ఉంచి పని చేయించేవాళ్లు. ఊరి చుట్టుపక్కల ఇంకో ఏర్పాటు కూడా ఉండేది: పీలింగ్ షెడ్లు. ఒక రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, నీళ్ల తొట్టి. ప్లాంటు వాళ్లు రొయ్యలిస్తే షెడ్డు వాళ్లు వలిపించి తిరిగిచ్చేవాళ్లు, కూలి కిలోకి ఇంత అని. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వలిచినవాళ్లూ ఉన్నారు.

1997 ఆగస్టులో యూరప్ మన సముద్ర ఉత్పత్తుల మీద నిషేధం పెట్టింది, శుభ్రత లేదని. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా తన కొత్త ఆహార భద్రతా నిబంధనలు అమల్లోకి తెచ్చింది. నా లెక్కలో ఈ కథంతటికీ అసలు మలుపు అదే. వలుపు పని కూడా ప్లాంటు ఆవరణలోనే, టైల్స్ వేసిన హాల్లోనే, శుద్ధి చేసిన నీళ్లతోనే జరగాలన్నారు. అందుకు పెట్టుబడి కావాలి. పెట్టగలిగిన ప్లాంట్లు పెద్దవయ్యాయి, పెట్టలేనివి మూతపడ్డాయి లేదా పెద్దవాటికి సరుకు అందించే స్థాయికి దిగిపోయాయి. రేకుల షెడ్లలో చాలా వాటికి కాలం చెల్లింది. షెడ్డులో వలిచిన ఆవిడకి ప్లాంటులో పని దొరికిందా? కొందరికి దొరికింది. వయసు మళ్లినవాళ్లకి, ఇల్లు వదిలి షిఫ్టులకి రాలేనివాళ్లకి దొరకలేదు.

ఎగుమతి చేసే ఫ్యాక్టరీలు పెద్దవి, ఎక్కువమందికి పనిస్తాయి, జీతాలు కూడా కాస్త మెరుగు అని ఏ దేశం లెక్కలు తీసినా కనిపిస్తుంది. 1990ల్లో ఆండ్రూ బెర్నార్డ్, బ్రాడ్‌ఫర్డ్ జెన్సెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా ఫ్యాక్టరీల లెక్కలు తిరగేసి ఇందులో ఒక పీటముడి చూపించారు. ఎగుమతి వల్ల ఫ్యాక్టరీ పెద్దదవుతోందా, పెద్దది కాబట్టే ఎగుమతి చేయగలుగుతోందా? రెండోదే ఎక్కువని వాళ్లకి తేలింది, అయితే ఎగుమతిలోకి దిగిన ఫ్యాక్టరీల్లో ఆ తర్వాత ఉద్యోగాలు మిగతావాటికన్నా వేగంగా పెరుగుతాయని కూడా చూశారు. 1997 తర్వాత మన తీరంలో జరిగింది చూస్తే ఆ మాట ఇట్టే అర్థమవుతుంది. పెద్ద ప్లాంటులో 500 మంది కనిపిస్తారు, మూతపడ్డ షెడ్లలో ఉండిన మనుషులు ఏ లెక్కలోనూ కనిపించరు. షెడ్డుకి రిజిస్టర్ ఉంటే కదా.

2003 డిసెంబర్‌లో అమెరికా రొయ్యల వేటగాళ్లు రొయ్యని మరీ చవగ్గా అమ్ముతున్నాయని ఆరు దేశాల మీద ఫిర్యాదు చేశారు. 2005 ఫిబ్రవరిలో మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం పడింది, ఎక్కువ కంపెనీలకి 10.17 శాతం. పిండి, పొడి అద్దిన బ్రెడెడ్ రొయ్యకి మాత్రం ఆ సుంకం వర్తించలేదు. అంటే వలుపు దాటి ఇంకో రెండు మెట్లు పైకి ఎక్కినవాళ్లకి దారి తెరిచే ఉంది. మనవాళ్లు ఆ మెట్లు పెద్దగా ఎక్కలేదు. ఎందుకని అడిగితే మిషన్ల ఖర్చు, బ్రెడ్ పొడి దగ్గర్నుంచి అన్నీ కొనాల్సి రావడం, కొనేవాడి బ్రాండు చేతిలో ఇరుక్కోవడం అని రకరకాల కారణాలు చెబుతారు. ఒకటి మాత్రం నిజం, ముడి రొయ్యకే గిరాకీ ఉన్నంత కాలం ఎవరికీ తొందర లేదు.

ఆ గిరాకీ 2009 తర్వాత వచ్చి పడింది. ఆ ఏడాది వనామి అనే రొయ్య రకం పెంపకానికి అనుమతి దొరికింది. పంట త్వరగా వస్తుంది, చెరువులో ఎక్కువ సంఖ్యలో పెంచొచ్చు. ఇంతలో 2012 నుంచి థాయ్‌లాండ్ చెరువులని ఈఎంఎస్ అనే కొత్త తెగులు పట్టుకుంది, వాళ్ల దిగుబడి ఓ రెండేళ్లలో సగానికి పైగా పడిపోయింది. అమెరికాకి వలిచిన రొయ్య పంపడంలో అప్పటిదాకా థాయ్‌లాండ్‌దే పైచేయి. ఆ జాగా ఖాళీ అయింది, మనం దూరాం. 2008-09లో సుమారు 8,600 కోట్లున్న దేశ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 2013-14కి 30 వేల కోట్లు దాటింది. భీమవరం, కాకినాడ, విశాఖ, ఒంగోలు, నెల్లూరు చుట్టూ కొత్త ప్లాంట్లు లేచాయి. తెల్లవారుజామున ఊళ్ల మీదుగా కంపెనీ బస్సులు తిరగడం మొదలైంది. వరి కోతలకి మిషన్లు వచ్చి కూలి పని తగ్గిన ఇళ్ల ఆడవాళ్లు ఆ బస్సులెక్కారు. వాళ్లు చాలక ఒడిశా నుంచి, ఇంకా ఉత్తరాది నుంచి కూడా తీసుకొచ్చారు. ఒకప్పుడు కేరళ అమ్మాయిలు ఉన్న గదుల్లాంటి గదుల్లోనే ఇప్పుడు వీళ్లున్నారు.

ఉద్యోగాలొచ్చాయి, నిజమే. ఏ రకం ఉద్యోగాలు? చాలామంది కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టర్ మనుషులు. ఇది రొయ్యకే పరిమితం కాదు. పరిశ్రమల వార్షిక సర్వే ప్రకారం 2000 ప్రాంతంలో దేశంలోని రిజిస్టర్డ్ ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్లు సుమారు 20 శాతం, ఇప్పుడు 40 శాతం దాటారు. విదేశీ ఆర్డర్ల మీద బతికే ఫ్యాక్టరీకి ఇందులో ఒక సుఖం ఉంది. ఆర్డర్ పెరిగితే కాంట్రాక్టర్‌కి ఫోన్, తగ్గినా కాంట్రాక్టర్‌కే ఫోన్. అందుకే సుంకం దెబ్బ తగిలినప్పుడు ఇన్ని వేల మందిని తీసేశారని పేపర్లో వార్త రాదు. వారానికి ఆరు రోజులు వచ్చే బస్సు మూడు రోజులే వస్తుంది, అంతే.

ఎగుమతి వల్ల జరిగిన ఇంకో మార్పు, బయటి కళ్లు లోపలికి రావడం. 2024 మార్చిలో అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ మన రొయ్యల ప్లాంట్లు, చెరువుల్లో పని పరిస్థితులు బాగోలేవని నివేదిక ఇచ్చింది. మన ఎగుమతిదారులు, అధికారులు అదంతా నిజం కాదన్నారు. ఎవరి మాట ఎంత నిజమో ఎలా ఉన్నా, దేశంలోనే అమ్ముడుపోయే సరుకు తయారుచేసే చోట ఇలాంటి ప్రశ్న అమెరికా నుంచి రాదు. అదే ఏడాది చివర్లో అమెరికా 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం ఖరారు చేసింది. ఇవన్నీ అయ్యాక 2025 ఆగస్టు.

అమెరికా తలుపు మూసుకుంటుంటే అందరూ చెప్పిన సలహా ఒక్కటే, వేరే దేశాలు వెతకండి అని. మంచి సలహానే. 2025 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం మన రొయ్యకి సుంకం లేని దారి చూపిస్తోంది, అక్కడా వలిచిన సరుకుకి చోటుంది. చైనా వైపు మళ్లితే మాత్రం టన్నులు నిలబడొచ్చు, చెరువు రైతుకి కాస్త ఊపిరీ ఆడొచ్చు, వలుపు హాల్లో సగం బల్లలు ఖాళీగా ఉంటాయి. ఎగుమతులు కోలుకున్నాయి అని హెడ్డింగ్ వచ్చిన రోజున కూడా ఆ బల్లలు అలాగే ఉండొచ్చు.

2025 అక్టోబర్‌లో మంత్రి నారా లోకేశ్ ఒక శుభవార్త చెప్పారు. తెల్లమచ్చ వైరస్ భయంతో ఏళ్ల తరబడి ఆంక్షలు పెట్టిన ఆస్ట్రేలియా మన రొయ్యకి మొదటి అనుమతి ఇచ్చింది. కొత్త మార్కెట్ అని ఆక్వా రైతులు సంతోషించారు. ఆ అనుమతి పెంకు తీయని రొయ్యకి.