కొత్త బోల్టుకు కాకి నలుపు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు ఆశీస్సులు.

దసరా సెలవుల్లో మీరు వచ్చినప్పుడు, షెడ్డులో ఉన్న 1929 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కారుకు మడ్‌గార్డు బిగిస్తున్న నన్ను చూసి, "తళతళలాడే కొత్త బోల్టులను కాల్చి నల్లగా చేస్తారేమిటి తాతయ్యా?" అని మీలో చిన్నది అడిగింది. నూనె చేతులతో అప్పుడు సరిగా చెప్పలేకపోయాను కనుక, ఇప్పుడు తీరికగా రాస్తున్నాను.

నేడు బజారులో దొరికే బోల్టులకు చాలావరకు జింకు పూత ఉంటుంది. అవి తెల్లగానో, పసుపుపచ్చగానో మెరుస్తాయి. ఆ కారు తయారైన కాలంలో రేడియేటరు చట్రం, హెడ్‌లైట్ల వంటి కంటికి ఆనవలసిన వాటికి నికెల్ పూత పూసి, లోపలి బోల్టుల్లో చాలావాటిని నల్లగానే ఉంచేవారు. ఈ కార్లను బాగుచేసేవారు ఆ నలుపును రేవెన్ ఫినిష్ అంటారు. రేవెన్ అంటే మాలకాకి. ఆ పేరు పెట్టినవారిని మెచ్చుకోవాలి, ఎందుకంటే అది రంగు డబ్బాలోని నలుపు కాదు, ఎండలో పట్టి చూస్తే కాకి రెక్కలాగే సన్నని నీలి ఛాయ కనబడుతుంది. అటువంటి బోల్టుల వరసలో ఒక్క జింకు బోల్టు చేరితే, నల్లని పలువరసలో కట్టుడు పన్నులాగా అదే ముందు కనబడుతుంది.

ఇనుము ఆక్సిజన్‌తో కలిసే తీరు ఒక్కటి కాదు. మీరు రోజూ చూసే ఎర్ర తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి రాలిపోతుంది. దాని సందుల్లో తేమ చేరి లోపలి ఇనుమును కూడా తినేస్తుంది. మన కాకి నలుపైన మాగ్నెటైట్ అనే నల్లని ఆక్సైడు మాత్రం ఇనుమును అంటిపెట్టుకునే పలుచని పొర. ఎంత పలుచనంటే, మర చుట్లలో అది ఉన్నట్టే తెలియక నట్టు మునుపటిలాగే చేతితో తిరుగుతుంది. పెయింటు వేస్తే మరలు పూడిపోతాయి, పానా పెట్టగానే పెచ్చులు ఊడుతాయి.

నలుపు ఎక్కించడానికి ముందు జింకును వదిలించాలి. కిరాణా కొట్టులో దొరికే వెనిగర్‌లో బోల్టును వేస్తే సన్నని బుడగలు వరుసగా పైకి లేస్తాయి. జింకు కరుగుతున్నంతసేపూ అవి జోరుగా వస్తూ, తరువాత నెమ్మదించి, దాదాపుగా ఆగిపోతాయి. అప్పుడు బయటికి తీస్తే మెరుపు పోయి బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. జింకును నిప్పులో పెట్టి వదిలించవచ్చని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. వయసులో ఉన్నప్పుడు నేను ఆ పని చేసి, తెల్లని పొగ పీల్చి, ఆ రాత్రంతా చలిజ్వరంతో వణికాను. బాత్రూము కడిగే ఆసిడ్ కూడా వద్దు; వేగంగా పనిచేస్తుంది నిజమే కానీ, దాని ఆవిరికి పక్కనున్న పనిముట్లన్నీ తెల్లారేసరికి తుప్పు పట్టి ఉంటాయి.

ఆ తరువాత బోల్టును మంటలో తిప్పుతూ వేడిచేస్తే ముందు గడ్డిరంగు, పిమ్మట ఊదా, సుమారు 300 డిగ్రీల దగ్గర నీలం కనిపిస్తాయి. నీలం రాగానే పొడుగాటి పట్టకారుతో నూనెలో ముంచాలి. సుయ్యిమని పొగ లేస్తుంది, ఒక్కోసారి మంట కూడా అంటుకుంటుంది. అందుకే నూనె ఇనుప డబ్బాలో ఉండాలి, దానిని మూయడానికి సరిపడే మూత పక్కనే ఉండాలి, పెద్దవారెవరైనా దగ్గర ఉండాలి. ఎర్రగా కాలేదాకా ఆగితే నలుపు ఇంకా బాగా వస్తుందని కొందరంటారు. ఆ మాట నాకు నచ్చదు. తల మీద బలాన్ని తెలిపే మూడు గీతలున్న బోల్టుకు కర్మాగారంలో కనీసం 425 డిగ్రీల దగ్గర పదును, అంటే ఉక్కు గట్టిదనం, సరిచేస్తారు; దానిని మనం అంతకు మించి ఎర్రగా కాల్చితే ఆ పదును దిగిపోతుంది, చూపుకు మాత్రం ఏమీ తెలియదు.

నాకు ఎక్కువ ఇష్టమైన పద్ధతి మరొకటి ఉంది. శుభ్రం చేసిన బోల్టుకు ఉప్పు, వెనిగర్ కలిపిన నీటిని పలుచగా పూసి తీగకు వేలాడదీస్తే, వానాకాలంలో అయితే ఒక రాత్రిలోనే ఎర్రని చిలుము సమంగా పడుతుంది. దానిని బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీటిలో అరగంట మరిగిస్తే, ఆ ఎరుపు మీ కళ్ళ ముందే మఖమలు లాంటి నలుపుగా మారుతుంది. సన్నని స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్ది, మళ్ళీ చిలుము పట్టించి, మళ్ళీ మరిగించాలి. నాలుగైదు సార్లు చేస్తే గాని చిక్కని నలుపు రాదు. ఇందుకు వంటింటి గిన్నె తీసుకున్నందుకు మీ నానమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మీరు వేరే గిన్నె వాడండి.

తల మీద ఆరు గీతలున్న బోల్టుల జోలికి మాత్రం వెళ్ళకండి. అవి చాలా గట్టివి. ఆమ్లంలో పుట్టే హైడ్రోజన్ అటువంటి ఉక్కులోకి చొరబడితే, బిగించిన కొన్ని గంటలకో, రోజులకో, ఏ హెచ్చరికా లేకుండా పుటుక్కున విరగవచ్చు. అంత బలమైన బోల్టు అవసరమైతే పూత లేనిదో, కర్మాగారంలోనే నల్లబరిచినదో కొనడం మేలు. కొత్త బోల్టు అచ్చం పాతదానిలా కనబడాలని ఆ గీతలను ఆకురాయితో అరగదీసేవారూ ఉన్నారు. రేపు ఆ కారు మీద పనిచేసే మెకానిక్కుకు ఆ బోల్టు బలమెంతో తెలిసే దారి దానితో మూసుకుపోతుంది. స్టీరింగు, బ్రేకుల దగ్గర నేను మెరుపును అలాగే వదిలేస్తాను. చూసేవారు నవ్వితే నవ్వనివ్వండి.

ఆ నలుపు ఒంటరిగా తుప్పును ఆపలేదు. దాని సన్నని రంధ్రాల్లో నూనె నిలిచినన్నాళ్ళే రక్షణ. మడ్‌గార్డు బోల్టులకు మొన్న మళ్ళీ గుడ్డతో నూనె తుడిచాను. ఎడమవైపు మూడవదాని అంచున ఎర్రదనం తొంగిచూస్తోంది. సంక్రాంతికి మీరు వచ్చేదాకా దానిని విప్పకుండా ఉంచుతాను. చిన్నదాని చేతనే మరిగిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య