గొట్టం వేస్తే ఊపిరితిత్తి పాడైపోతుందా?

న్యుమోనియా ముదిరి ఛాతీలో చీము చేరిన పిల్లలకు గొట్టం వేయాలని చెప్పగానే కోనసీమ నుంచి భీమవరం దాకా అమ్మానాన్నలు అనేది ఒకటే. "గొట్టం మాత్రం వద్దండి, ఊపిరితిత్తికి బెజ్జం పడిపోద్దంట. ఇంజక్షన్లతోనే తగ్గించేయండి."

అపోహ: గొట్టం ఊపిరితిత్తిలోకి గుచ్చుతారు.

వాస్తవం: గుచ్చరు. గొట్టం వేసేది ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య చీము నిండిన చోట. ఊపిరితిత్తిని నొక్కేస్తున్నది ఆ చీమే. అది కొంచెమే ఉండి, పిల్లాడికి ఆయాసం లేకపోతే మేమూ ఇంజక్షన్లతోనే చూస్తాం. ఎక్కువుంటే తీయాల్సిందే. స్కాన్‌లో చోటు చూసుకుని, నొప్పి తెలియకుండా మందిచ్చే వేస్తాం.

అసలు నష్టం ఆలస్యంతోనే. మొదట పల్చగా ఉన్న నీరు రోజులు గడిచేకొద్దీ చిక్కబడి, లోపల సాలెగూడులా పొరలు కడుతుంది. అప్పుడు గొట్టం వేసినా ఒక అరలో ఉన్నదే బయటికొస్తుంది. పొరలు కరగడానికి గొట్టంలోంచి యూరోకైనేజ్ అనే మందు పంపాలి. దానికీ లొంగకపోతే కెమెరాతో ఆపరేషన్.

ఒక లంక ఊరి నుంచి నాలుగేళ్ల పిల్లాణ్ణి తెచ్చారు. తండ్రి ఒప్పుకున్నాడు గానీ మామ్మగారు ససేమిరా అన్నారు. వాళ్ల ఊళ్లో ఎవరో గొట్టం వేశాక పోయారట. ఆ మనిషికి ఏం జబ్బో, ఎంత ముదిరాక తెచ్చారో ఎవరికీ తెలీదు. సంతకం పెట్టి తీసుకెళ్లిపోయారు. వారం తిరక్కుండా మళ్లీ తెచ్చేసరికి పిల్లాడు ఒక పక్కకి ఒరిగిపోయి, మాట్లాడటానికే ఆయాసపడుతున్నాడు. ఆపరేషన్ కోసం కాకినాడ పంపాం. బతికాడు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. మామ్మగారి మీద నాకు కోపం లేదు, ఆవిడది భయం. తెలిసీ తెలియకుండా ఇలాంటి మాటలు మోసేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: గొట్టం వేసినా జ్వరం తగ్గలేదు, ఆస్పత్రి మార్చేయాలి.

వాస్తవం: చీము తీశాక కూడా కొన్ని రోజులు జ్వరం రావడం మామూలే. టెన్షన్ పడకండి. ఆయాసం తగ్గుతోందా, తింటున్నాడా, ఆక్సిజన్ అవసరం తగ్గుతోందా అన్నవీ చూడాలి. అవి కుదుటపడకపోతే మళ్లీ స్కాన్ తీసి వెతికేది మేమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. జ్వరం తగ్గింది కదాని యాంటీబయాటిక్ ఆపకూడదు, ఈ జబ్బుకి మొత్తం 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఊపిరితిత్తి జీవితాంతం పాడైనట్టే అనుకోకండి, చాలామంది పిల్లల్లో 3 నుంచి 6 నెలల్లో ఎక్స్‌రే శుభ్రపడుతుంది. పెరుగు, అరటిపండు మాన్పించక్కర్లేదు. వాతలు అసలే వద్దు. న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ టీకా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం: 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు. అన్ని న్యుమోనియాల్నీ ఆపదు గానీ తప్పక వేయించండి.

ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలల నుంచి ఏడాదిలోపు వాళ్లకి 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు వాళ్లకి 40 లేదా అంతకు మించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఇంట్లో ఉంచొద్దు. లంకల్లో ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా, రేవులో పడవ ఆగిపోకముందే బయల్దేరండి.