రెండు శాతం దేనిలో? ఫ్లోరిడాలో ఇంటి కప్పు, హరికేన్ బీమా: అపోహలు - వాస్తవాలు

ఫ్లోరిడాలోని టాంపా చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకు ఇళ్ళ పాలసీలు రాయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది లెక్కల్లో నాకన్నా గట్టివాళ్ళు. అయినా ఒక్క లెక్క దగ్గర మాత్రం అందరూ ఒకే విధంగా బోల్తా పడతారు. జూన్ 1న హరికేన్ సీజన్ మొదలైనప్పటి నుంచి నవంబర్ 30న ముగిసేదాకా ఆ లెక్కే చెబుతూ ఉంటాను. అందుకే ముందు దాని సంగతి తేలుస్తాను.

అపోహ: "హరికేన్ డిడక్టిబుల్ రెండు శాతమే కదా అక్కా. కప్పుకు 15 వేల డాలర్ల నష్టం జరిగితే మా చేతి నుంచి పడేది 300."

కాదు. డిడక్టిబుల్ అంటే కంపెనీ చెల్లించడం మొదలుపెట్టే ముందు మీరు సొంతంగా భరించాల్సిన మొత్తం. ఆ 2 శాతం నష్టం మీద కాదు, పాలసీలో కవరేజ్-ఏ అని రాసి ఉన్న మొత్తం మీద. ఇల్లు పూర్తిగా పోతే మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు అది. అక్కడ 5 లక్షల డాలర్లు ఉంటే మీ 2 శాతం అంటే 10 వేలు. 15 వేల నష్టానికి కంపెనీ ఇచ్చేది 5 వేలు. 9 వేల నష్టమైతే ఏమీ రాదు. ప్రీమియం తగ్గుతుందని 5 శాతం ఎంచుకున్నవాళ్ళు మొదటి 25 వేలూ సొంతంగా భరించాలి. ఓ పక్క షింగిల్స్ (కప్పు మీద పరిచే పలచటి బిళ్ళలు) లేచిపోయినంత మాత్రాన నష్టం అంతదాకా వెళ్ళదు. అంటే ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టి, తీరా కప్పు దెబ్బతిన్న రోజున కంపెనీ నుంచి ఒక్క డాలరు కూడా అందదు.

"మా పాలసీలో డిడక్టిబుల్ 2,500 అనే ఉందండీ" అంటారు కొందరు. ఉంటుంది, కానీ అది మిగతా ప్రమాదాలకు. అదే పేజీలో హరికేన్‌కు వేరే వరస ఉంటుంది, అది చదవండి. "మా వీధిలో గాలి అంతగా వీయలేదు, దాన్ని హరికేన్ అనడమేమిటి?" అని వాదించేవాళ్ళూ ఉన్నారు. మీ వీధిలో గాలి వేగంతో ఇక్కడ పని లేదు. తుఫాన్లను గమనించే ప్రభుత్వ సంస్థ నేషనల్ హరికేన్ సెంటర్ ఫ్లోరిడాలో ఏ మూలకైనా హరికేన్ వాచ్ (రావచ్చన్న హెచ్చరిక) గానీ వార్నింగ్ (వస్తోందన్న హెచ్చరిక) గానీ ప్రకటించిన క్షణం నుంచి, ఆఖరిది ఎత్తేసిన తర్వాత 72 గంటల వరకు, ఆ హరికేన్ గాలి చేసిన నష్టానికి హరికేన్ డిడక్టిబులే వర్తిస్తుంది.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది, ఎవరూ వాడుకోరు. కంపెనీ మారకపోతే ఈ డిడక్టిబుల్ క్యాలెండర్ సంవత్సరానికి ఒక్కసారే. 2024లో హెలీన్ అనే హరికేన్ సెప్టెంబర్ 26న తీరం దాటింది, మిల్టన్ అక్టోబర్ 9న. నాకు తెలిసిన ఒకాయన డిడక్టిబుల్ 10 వేలు, హెలీన్ గాలికి ఆయనకు 4 వేల నష్టం. పదివేల లోపే కదా, చెప్పి లాభమేమిటని సొంత డబ్బుతో బాగు చేయించుకుని రశీదులు పారేశారు. రెండు వారాలు తిరక్కుండానే మిల్టన్ వచ్చి మరో 12 వేల నష్టం చేసింది. మొదటి నష్టాన్ని నమోదు చేసి, రశీదులు దాచి ఉంటే ఆయన డిడక్టిబుల్‌లో మిగిలేది 6 వేలే, చేతికి 6 వేలు వచ్చేవి. వచ్చింది 2 వేలు. చిన్న నష్టమైనా కంపెనీకి తెలియజేయండి, ఫోటోలూ రశీదులూ డిసెంబర్ 31 దాకా దాచండి.

ఇక తుఫాను వెళ్ళిన మర్నాడే తలుపు కొట్టే రూఫింగ్‌వాళ్ళు. "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం, మీరు సంతకం పెట్టండి చాలు" అంటారు. ఫ్లోరిడాలో అది చట్ట విరుద్ధం. కప్పు కారుతోంది, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఎవరో ఒకరు వచ్చారన్న ఊరటలో సంతకం పెట్టేస్తారు, అర్థం చేసుకోగలను. ఆ రోజుకు టార్పాలిన్ కప్పించి, రశీదు తీసుకోండి. కప్పు ఒప్పందం మీద మాత్రం మీ పాలసీ, ఖర్చు అంచనా పక్కపక్కన పెట్టుకుని చదివాకే సంతకం.

అపోహ: "కోస్తాలో పుట్టినవాళ్ళం, మాకు తుఫాన్లు చెప్పాలా?"

నాదీ అమలాపురం పక్క పల్లెటూరే. 1996 నవంబర్ 6 రాత్రి వీధిలో ఉన్నవాళ్ళమంతా ఒక శ్లాబు ఇంట్లో దూరాం. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు లేవు, పెంకుటిళ్ళ మీద పెంకులు లేవు, ఆ శ్లాబు మాత్రం చెక్కుచెదరలేదు. శ్లాబు కింద ఉంటే చాలన్న ధీమా మనలో అలా పాతుకుపోయింది. ఇక్కడ గోడలు సిమెంటు దిమ్మెలవైనా కప్పు చెక్కే: ట్రస్సులు (కప్పును మోసే చెక్క చట్రాలు), వాటిమీద ప్లైవుడ్ లాంటి పలకలు, పైన షింగిల్స్. గాలి ఆ కప్పును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. దాన్ని పట్టి ఉంచేవి మేకులు, ట్రస్సును గోడకు కలిపే లోహపు పట్టీలు.

అందుకే విండ్ మిటిగేషన్ తనిఖీ, అంటే ఇల్లు గాలిని ఎంత తట్టుకుంటుందో చూసే తనిఖీ, చేయించమంటాను. తనిఖీదారు అటకెక్కి మేకుల పొడవు, వాటి మధ్య దూరం, పట్టీల రకం, కప్పు నాలుగు వైపులా వాలుగా ఉందా లేదా అన్నీ చూసి ఫారం నింపుతారు. దాన్నిబట్టి కంపెనీ ప్రీమియం తగ్గించాలి. ఆ ఫారం ఐదేళ్ళ వరకు చెల్లుతుంది. కొత్త కప్పు వేయిస్తుంటే, పాతది ఊడదీసి పలకలు బయటపడ్డప్పుడే మేకుల వరసలనూ, పలకల కీళ్ళ మీద నీరు దిగకుండా అంటించిన టేపునూ ఫోటోలు తీయించండి. షింగిల్స్ వేశాక ఆ రుజువు మళ్ళీ దొరకదు.

మిగతా అపోహలు గబగబా చెబుతాను.

"కప్పుకు పదేళ్ళు దాటాయి, ఇక బీమా ఇవ్వరు." 2022 చట్టం ప్రకారం పదిహేనేళ్ళ లోపు కప్పును వయసు ఒక్కటే కారణంగా చూపి తిరస్కరించకూడదు. పదిహేను దాటినా, మరో ఐదేళ్ళు మన్నుతుందని తనిఖీలో తేలితే అప్పుడూ వయసు పేరుతో తిరస్కరించకూడదు. కానీ కొన్ని పాలసీలు పాత కప్పుకు తరుగు తీసేసి చెల్లిస్తాయి, అది చూసుకోండి.

"వాన నీళ్ళు లోపలికొస్తే ఇస్తారు." ముందు గాలి కప్పుకో గోడకో రంధ్రం చేసి, అందులోంచి వాన పడితేనే. ఎప్పటినుంచో కారుతున్న కప్పుకు ఇవ్వరు.

"సముద్రపు ఉప్పెన హరికేన్ వల్లే కదా!" బీమా లెక్కలో అది వరద. ఇంటి పాలసీలో ఉండదు, వేరే తీసుకోవాలి. ప్రభుత్వ వరద పాలసీ మామూలుగా 30 రోజుల తర్వాత గానీ అమల్లోకి రాదు. హరికేన్ వాచ్ పడ్డాక ఇంటి పాలసీలు కూడా ఏ కంపెనీ కొత్తగా రాయదు, నన్ను బతిమాలి లాభం లేదు.

"కిటికీలు కాస్త తెరిస్తే లోపలి ఒత్తిడి తగ్గుతుంది." తెరిస్తే లోపలికొచ్చిన గాలి కప్పును కింది నుంచి తోస్తుంది. అద్దాలకు టేపు అంటించడమూ దండగే. షట్టర్లు బిగించండి, లేదా ప్లైవుడ్ కొట్టండి. గ్యారేజీ తలుపు గాలికి తట్టుకునే రకమో కాదో చూడండి, చాలా ఇళ్ళలో ముందు విరిగేది అదే.

"క్లెయిము తీరిగ్గా వేయవచ్చు." నష్టం జరిగిన రోజు నుంచి ఏడాది లోపు కంపెనీకి తెలియజేయాలి. వేసిన క్లెయిముకు అదనంగా అడగాలంటే పద్దెనిమిది నెలలు. మిల్టన్ దెబ్బకు ఇప్పుడు కొత్తగా క్లెయిము వేయవచ్చా అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. గడువు 2025 అక్టోబర్‌తోనే ముగిసింది.