బోరు బోరుకూ నీళ్లు, వీధి వీధికీ గాలి

నల్లగొండ

చిన్నూ, బంగారూ,

మొన్న ఫోన్‌లో "తాతా, మా బడి గేటు కాడ పొగకు కండ్లు మండుతున్నయ్" అన్నారు. అప్పటి నుంచి నా మనసు మీ పాలమూరులోనే ఉంది.

మన నల్లగొండ నీళ్ల కథ మీకు తెలుసు కదా. చూడటానికి తేటగా ఉన్న నీళ్లే ఎంతోమంది ఎముకలు వంచాయి. ఒకే ఊర్లో ఒక బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ, పక్క వాడ బోరులో తక్కువ. ఒక్కో బోరు నీళ్లు పట్టి పరీక్ష చేస్తేనే ఏవి తాగొచ్చో తేలింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టారు.

గాలినీ అట్లాగే పరీక్షించాలి. "ఊరి గాలి బాగాలేదు" అంటే ఎవరూ కదలరు. ఏ వీధిలో, ఏ వేళకు అన్నది చెప్పాలి. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 2018 మే నెలలో దాదాపు 20,000 మంది తమ ఇంటి కిటికీలకు వీధివైపు చిన్న గొట్టాలు కట్టారు. బండ్ల పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్‌ను వాటిలోని రసాయనం నెలంతా పట్టి ఉంచింది. ల్యాబులో చూస్తే ఒకే ఊర్లో వీధికీ వీధికీ ఎంతో తేడా! రెండు పక్కలా మేడలున్న ఇరుకు వీధుల్లో పొగ పోయే దారిలేక నిలిచిపోతుంది.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు దాటిన ఊర్ల జాబితాలో మన నల్లగొండ కూడా ఉంది. దుమ్ము, పొగల్లోని 10 మైక్రాన్లలోపు సన్న కణాలను పీఎం10 అంటారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఘనపు మీటరు గాలిలో అవి ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు దాటొద్దని మన దేశ ప్రమాణం.

మీరు చేయగలిగింది చెబుతా. బడి మొదలయ్యే ముందు, విడిచే ముందు పావుగంట చొప్పున గేటు లోపలే నిలబడి చూడండి, రోడ్డు మీదికి పోవద్దు. ఎన్ని ఆటోలు, బస్సులు, బైకులు ఆగాయి, వాటిలో ఎన్ని ఇంజన్ ఆపలేదు, నోట్‌బుక్‌లో రాయండి. తెల్ల అట్టలకు వాసెలిన్ పూసి గేటు దగ్గర ఒకటి, తరగతి కిటికీకి ఒకటి, వెనక గోడకు ఒకటి వారం రోజులు కట్టండి. వాటికి ముతక దుమ్మే అంటుతుంది. ఊపిరితిత్తుల లోతుకు పోయే 2.5 మైక్రాన్లలోపు కణాలను కొలవాలంటే సెన్సర్ కావాలి. అయినా ఏ అట్ట ఎక్కువ నల్లబడిందో మీ కండ్లకే కనిపిస్తుంది.

ఆ నోట్‌బుక్ మీ హెడ్‌మాస్టరుకు చూపించండి. గేటు ముందు ఇంజన్లు ఆపించడం, పిల్లలను కొంచెం దూరంలోనే దింపించడం, వెనక సందు గేటు తెరిపించడం, ఏది ముందు చేయాలో ఆ లెక్కను బట్టి ఆయనతో మాట్లాడండి. నెల తర్వాత మళ్లీ లెక్కపెట్టి, తగ్గిందో లేదో చూడాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

దసరాకు వచ్చేటప్పుడు అట్టలు పారేయకుండా తెండి. ముగ్గురం కూర్చుని చూద్దాం.

మీ తాత