పండగకి మూడు కిలోలు పెరిగారా? సంక్రాంతి బరువు మీద అపోహలు - వాస్తవాలు

కనుమ వెళ్ళిన మర్నాటి నుంచి నాకొచ్చే ఫోన్లన్నిట్లో ఇంచుమించు ఒకటే మాట. "మేడం గారూ, మూడు రోజుల్లో మూడు కిలోలు పెరిగానండి, ఇవాళ్టి నుంచి అన్నం మానేసి జ్యూసుల మీద ఉంటాను, ఎన్ని రోజులుండాలో చెప్పండి." కొందరు వెయింగ్ మిషన్ మీద నిలబడి, కింద అంకె కనిపించేలా ఫోటో తీసి పంపుతారు. గోదావరి జిల్లాలో డైటీషియన్‌గా పనిచేసేవాళ్ళకి జనవరి మూడో వారమంతా ఇలాగే గడుస్తుంది. పండగ తిండి గురించి తిరిగే పుకార్లు చాలానే ఉన్నాయి గానీ, మనుషుల్ని అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను, మిగతావి ఆ తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: పండగ మూడు రోజుల్లో పెరిగిందంతా కొవ్వే, వెంటనే కడుపు మాడ్చుకుంటే దిగిపోతుంది.

ముందు లెక్క చూడండి. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే మన రోజువారీ అవసరానికి పైన సుమారు 7,700 కేలరీలు తినాలి. మూడు కిలోలకి 23,000 పైమాటే. ఒక మాదిరి అరిసెకి, సైజుని బట్టి, పీల్చిన నూనెని బట్టి కొంచెం అటూ ఇటుగా 150 కేలరీలు వేసుకుందాం. అంటే భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ మామూలు భోజనాలన్నీ చేస్తూ, వాటి మీద 150కి పైగా అరిసెలు తింటే గానీ మూడు కిలోల కొవ్వు చేరదు. ఎంత ఇష్టంగా తినేవాళ్ళకైనా అది అయ్యే పని కాదు.

మరి మిషన్ తప్పు చూపిస్తోందా అంటే, లేదు, బరువు నిజంగానే ఉంది. కాకపోతే అందులో ఎక్కువ భాగం నీరు. అన్నం, పిండివంటలు ఎక్కువగా తిన్నప్పుడు శరీరం కొంత గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థం రూపంలో కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది, దాచుకునే ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని కూడా పట్టి ఉంచుతుంది. దానికి తోడు ఉప్పు. పులిహోర, జంతికలు, చేగోడీలు, కొత్త పచ్చళ్ళు, కనుమ నాటి కోడికూర, ఇవన్నీ ఉప్పగా ఉండేవే, ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడుంటుంది. పేగుల్లో ఇంకా బయటికి పోని తిండి బరువు సరేసరి. ఆడవాళ్ళకి నెలసరి దగ్గర పడ్డ రోజులైతే ఇంకాస్త కలుస్తుంది. మామూలు తిండికి వచ్చేస్తే వారం తిరిగేసరికి ఇందులో చాలావరకు దానంతటదే దిగిపోతుంది. జ్యూసుల మీద ఉన్నవాళ్ళకి దిగేది కూడా ముందు ఈ నీరే. జ్యూసు పనిచేసిందనుకుని వాళ్ళు ఇంకో నలుగురికి చెబుతారు, ఆ నలుగురూ నాకు ఫోన్ చేస్తారు.

కడుపు మాడ్చుకునేవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో రోజూ వింటూనే ఉంటాను. పొద్దున టిఫిన్ మానేస్తారు, మధ్యాహ్నం మజ్జిగ తాగి సరిపెడతారు, నాలుగింటికి తలనొప్పి మొదలై ఇంట్లో అందరి మీదా చిరాకు పడతారు, అయిదింటికి టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళి ఎదురుగా ఉన్న స్టీలు డబ్బా మూత తీస్తారు. అప్పుడు తినేది ఒకటీ రెండూ కాదు. రాత్రికి బాధపడి మర్నాడు ఇంకా గట్టిగా ఉపవాసం చేద్దామనుకుంటారు. వాళ్ళకి మనోబలం లేదని ఇంట్లోవాళ్ళు దెప్పిపొడుస్తుంటారు, అది చాలా అన్యాయం. పొద్దుటి నుంచి తిండి లేని ఒళ్ళు సాయంత్రం తీపి అడగడం సహజం, ఎవరైనా అంతే. ఇలాగే వారాల తరబడి లాగితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, మరీ వేగంగా బరువు తగ్గేవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఇదంతా ఒక ఎత్తు, షుగర్ ఉన్నవాళ్ళ సంగతి ఒక్కటే ఒక ఎత్తు.

2023లో వచ్చిన, భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది. పండగకి పదిహేను మంది కూర్చున్న పంక్తిలో ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్ళలో చాలామంది చేసేదేంటంటే, పండగ మూడు రోజులూ తినేసి, నాలుగో రోజు మాత్ర వేసుకుని తిండి మానేస్తారు. తిన్నది మాత్ర సర్దేస్తుంది, ఉపవాసం ఇంకా తగ్గిస్తుంది అని లెక్క.

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచర్ గారు ఇదే చేశారు. అరవై దాటినావిడ, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడతారు. ముక్కనుమ మర్నాడు పొద్దున మాత్ర వేసుకుని, కాఫీ మాత్రం తాగి, ఏమీ తినకుండా ఇల్లు సర్దుకుంటున్నారు. పదకొండు దాటాక కోడలు ఫోన్ చేసింది, గొంతులో వణుకు. "మేడం గారూ, అత్తయ్యగారు అదోలా మాట్లాడుతున్నారండీ, మనవడిని పట్టుకుని మా ఆయన పేరుతో పిలుస్తున్నారు, జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది." షుగర్ మిషన్‌తో చూడమంటే 48 వచ్చింది. తీపి పెడితే సర్దుకుంటుందని ఎవరో అప్పటికే అరిసె ముక్క తుంచి నోటి దగ్గర పెడుతున్నారట. అది పక్కన పెట్టి గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి పట్టమన్నాను. పావుగంటలో మనిషి తేరుకున్నారు, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. అదే ఆవిడ ఇంట్లో ఒక్కరే ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమే.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు, ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్ కూడా అంతే. తిండి లేకపోతే షుగర్ 70 కంటే కిందికి పడిపోతుంది, చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, ఆ తర్వాత మాట తడబడటం, స్పృహ తప్పడం. అలాంటప్పుడు మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్ళలో కలిపి ఇవ్వాలి, పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చేసి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి, సర్దుకున్నాక భోజనం పెట్టాలి. అరిసె, సున్నుండ, చాక్లెట్ లాంటివి పనికిరావు, వాటిలో ఉన్న నూనె, నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. వోగ్లిబోస్ అనే షుగర్ మందు కలిసిన మాత్రలు వాడేవాళ్ళకి పంచదార కూడా త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి, కాబట్టి ఇంట్లో ఒక ప్యాకెట్ ఉంచుకోండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పోనీ తిండితో పాటు మాత్ర కూడా మానేస్తే? ఆ సొంత వైద్యమూ వద్దు. వైకుంఠ ఏకాదశికో శివరాత్రికో ఉపవాసం ఉండాలనుకునేవాళ్ళు వారం ముందే డాక్టర్‌ని అడిగితే ఏ మాత్ర తగ్గించాలో, ఏది ఎప్పుడు వేసుకోవాలో ఆయనే చెబుతారు. భక్తికి నేను అడ్డు చెప్పను, చెప్పకుండా చేయొద్దంటాను అంతే.

సరే, మూడు రోజుల తిండి పెద్దగా ఏమీ చేయదన్నాను కదా, మరి సంక్రాంతి తర్వాత నిజంగానే బరువు పెరిగేవాళ్ళు ఎందుకు పెరుగుతున్నారు? డబ్బా వల్ల. అరిసె నెల రోజులైనా పాడవదు, అదే దాని గొప్ప. పొద్దున కాఫీతో ఒకటి, సాయంత్రం టీతో ఒకటి, రోజుకి రెండే కదా అనిపిస్తుంది. రెండు అరిసెలకి 300 కేలరీలు, ఇరవై అయిదు రోజులకి 7,500, అంటే దాదాపు ఒక కిలో కొవ్వు. కాగితం మీద లెక్కే ఇది, అందరి ఒంట్లోనూ అణా పైసలతో సహా ఇలాగే జరుగుతుందని కాదు, కానీ పండగ బరువు ఎక్కడి నుంచి వస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది. జంతికలు, చెక్కలు కూడా ఇదే బాపతు, తీపి లేదు కాబట్టి వాటిని ఎవరూ లెక్కలోకే తీసుకోరు.

అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళ బరువు చూసి, 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ నుంచి న్యూ ఇయర్ దాకా వాళ్ళు పెరిగింది సగటున 0.37 కిలో మాత్రమే, పెరిగామని వాళ్ళు అనుకున్నది మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. ఆ కొంచెమే పండగలయ్యాక కూడా పెద్దగా తగ్గలేదు. డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసే మనవాళ్ళకి ఇది తప్పకుండా చెబుతాను, ఎందుకంటే వాళ్ళకి థాంక్స్‌గివింగ్ పాట్‌లక్ విందుతో మొదలైన పండగ సంక్రాంతి పార్శిల్ అయిపోయేదాకా సాగుతుంది.

అలాగని పిండివంటలు చేయొద్దనే మనిషిని కాదు నేను. మా పెద్దమ్మ అరిసెలు చేస్తుంటే పక్కన కూర్చుని పెరిగాను. బియ్యం నానబెట్టి, నీళ్ళు వాడ్చి, తడి ఆరకముందే పిండి కొట్టించేది, పాకం చుక్క పళ్ళెంలో నీళ్ళలో వేసి వేలితో ఉండ చేసి చూసేది, ఒక్క క్షణం ముదిరినా అరిసె రాయి అయిపోతుందని ఆ సమయంలో ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. వేగిన అరిసెని రెండు చెక్కల మధ్య పెట్టి ఆవిడ నొక్కుతుంటే నూనె ధారలా కారి కింద గిన్నెలో పడేది. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆ నొక్కడం సరిగ్గా చేయట్లేదు, టిష్యూ పేపర్ మీద వేసి వదిలేస్తున్నారు. గ్రాము నూనెకి 9 కేలరీలు, కాబట్టి గట్టిగా నొక్కండి, అరిసె రుచి ఏమీ తగ్గదు.

డబ్బా విషయంలో నేను చెప్పేది ఇంతే. అత్తారింటి నుంచో అమ్మ దగ్గర్నుంచో యాభై వస్తుంటే పాతిక చాలని ముందే చెప్పండి, మొహమాటపడకండి. ముక్కనుమ నాడే పనిచేసే అమ్మాయికి, వాచ్‌మన్‌కి, ఆఫీసుకి పంచేయండి. మిగిలినవి టీ పొడి పక్కన కాకుండా చేతికందని చోట పెట్టండి. తినాలనిపించినప్పుడు ఖాళీ కడుపుతో టీతో పాటు కాకుండా భోజనం అయ్యాక ఒకటి పళ్ళెంలో పెట్టుకుని కూర్చుని తినండి, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించుకోండి. పండగ రోజు కూడా పొద్దున టిఫిన్ మానకండి, మధ్యాహ్నం కోసం కడుపు ఖాళీగా ఉంచుకుంటే పులిహోర రెండింతలు తింటారు. విస్తట్లో ముందు కూర, పప్పు, పెరుగు పచ్చడి తిని ఆ తర్వాత బూరెల దగ్గరికి వెళ్ళండి.

ఇక మిగతావి.

బెల్లం వంటకాలకి షుగర్ పెరగదు అంటారు. పెరుగుతుంది. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే, 100 గ్రాములకి 380 కేలరీల దాకా ఉంటాయి, పంచదారకి 400. తేడా అంతే.

రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే తగ్గుతారట. నూనె రాసిన నాలుగు చపాతీలు తింటే ఏం తగ్గుతుంది?

ఒక్కపొద్దు పేరుతో రాత్రికి ఉప్మా పెసరట్లు మూడు, పైన పాలు, పళ్ళు. మామూలు భోజనమే తేలిక.

తేనె, నిమ్మరసం, వేడినీళ్ళు తాగాలనిపిస్తే తాగండి, కొవ్వు మాత్రం కరగదు, తేనె కూడా చక్కెరే. సునాముఖి కలిపిన పొడులు విరేచనం చేయిస్తాయి, పోయేది నీరు, లవణాలు. బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్ళు అసలు వాటి జోలికి పోవద్దు.

షుగర్ ఫ్రీ కాజా అయినా మైదా, నూనె అవే.

పండగకి ముందు ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే ఎంతైనా తినొచ్చా అని ఈమధ్య అడుగుతున్నారు. బరువు తగ్గించే ఇంజెక్షన్లు డాక్టర్ పర్యవేక్షణలో నెలల తరబడి డోసు పెంచుకుంటూ వాడేవి, వేయించుకుని విందుకి కూర్చుంటే వాంతులతో బాధపడే అవకాశం ఉంది.

తిన్నది నడిస్తే అరిగిపోతుంది అనేది సగం నిజం. ఒక అరిసెకి దాదాపు ముప్పావు గంట నడవాలి. కానీ భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఆ పూట షుగర్ పెరుగుదల తగ్గుతుంది, అందుకోసం తప్పకుండా నడవండి, అల్లుళ్ళనీ లేపి తీసుకెళ్ళండి.

బరువు చూసుకోవాలంటే కనుమ మర్నాడు వద్దు. ఫిబ్రవరి మొదటి వారంలో, పొద్దున లేచి బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు చూసుకోండి, టేపుతో నడుము కూడా కొలుచుకోండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే మిషన్ మీద అంకె ఎలా ఉన్నా జాగ్రత్త పడాల్సిందే. పండగ ముందు కంటే కిలో పైన ఎక్కువగా ఉంటే అప్పుడు రండి, కూర్చుని మాట్లాడదాం. వచ్చేటప్పుడు మీరు వాడే మాత్రల చీటీ తెచ్చుకోండి, పొద్దున ఏదైనా తినే రండి.