తోటలోని షెడ్డుకు చెక్క తలుపు: అపోహలు, వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో మోటారు స్టార్టరు, మందుల డబ్బాలు, పనిముట్లు పెట్టుకునే చిన్న షెడ్లకు రైతులు సొంతంగా తలుపులు చేసుకుంటుంటారు. వడ్రంగిగా ఆ ప్రయత్నమంటే నాకు ఎంతో ఇష్టం. అయితే నేను బాగుచేయడానికి వెళ్లిన తలుపుల్లో ఎక్కువ వాటిని చెడగొట్టింది చేతిపనిలోని లోపం కాదు, చెక్క గురించి పాతుకుపోయిన కొన్ని అపోహలే.

అపోహ: తలుపు వాలిపోతే మూడో బందు బిగిస్తే సరిపోతుంది.

వాస్తవం: నిలువు పలకలను అడ్డబద్దెలకు మాత్రమే బిగించి చేసిన తలుపులో, బందులు ఎంత గట్టివైనా, గడియ వైపు మూల తన బరువుకు కిందికి దిగుతూనే ఉంటుంది. 6 అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న టేకు తలుపుకు పలకల బరువే 20 కిలోలు దాటుతుంది. ఆ బరువును బందుల వైపు మళ్లించేది ఏటవాలు బద్దె. అది బందు వైపు కింది మూలలో మొదలై గడియ వైపు పై మూలకు ఎక్కాలి. అలా ఉన్నప్పుడే, మూల దిగబోయిన ప్రతిసారీ బద్దె రెండు కొసల మధ్య నొక్కుకుని, బరువును కింది బందు మీదికి తోస్తుంది. దాన్ని ఎదురు దిశలో పెడితే బరువంతా కొసల్లోని మేకుల మీద పడి, అవి క్రమంగా ఊడివస్తాయి.

గత కార్తీకంలో దామలచెరువు దగ్గర ఒక తోటలో సరిగ్గా ఇదే చూశాను. తలుపు కింది మూల రాసుకుని రాసుకుని సిమెంటు నేల మీద నెలవంకలా గీత పడింది. గడియ దాని రంధ్రానికి వేలెడు కిందికి దిగిపోయింది. మూడో బందు మరమేకులు అప్పటికే వదులయ్యాయి. నేను కొత్త సామాను ఏదీ వేయలేదు. తలుపు దించి, మూలమట్టంతో చదరం సరిచేసి, బద్దెను దిశ మార్చి, దాని కొసలు అడ్డబద్దెల్లో తొలిచిన గాడుల్లో బిగుతుగా కూర్చునేలా అమర్చాను. ఏటవాలు బద్దెకూ అడ్డబద్దెకూ మధ్య కోణం 45 డిగ్రీలకు తగ్గితే దాని బలం తగ్గుతుంది. ఎత్తైన తలుపుకు మూడు అడ్డబద్దెలు, వాటి మధ్య రెండు ఏటవాలు బద్దెలు వేయడం మేలు.

అపోహ: పలకల మధ్య సందు ఉంటే పనితనం లేనట్టే.

వాస్తవం: చెక్క పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. మన ప్రాంతంలో మే నెల ఎండకూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానకూ మధ్య అరడుగు వెడల్పు పలక ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరగగలదు. ఎండాకాలంలో సందు లేకుండా బిగించిన పలకలు వానల్లో ఒకదాన్నొకటి తోసుకుని విల్లులా వంగుతాయి, లేదా తలుపు ద్వారబంధంలో పట్టేస్తుంది. అందుకే వేసవిలో చేసే తలుపుకు పలకల మధ్య సన్నని మేకు పట్టేంత సందు వదలాలి. వానాకాలంలో చేసే తలుపుకు పలకలు అప్పటికే ఉబ్బి ఉంటాయి కనుక దగ్గరగా చేర్చవచ్చు. పలకల నడుమ ఫెవికాల్ పూయడం ఈ కదలికను అడ్డుకుని చివరికి పలకనే చీలుస్తుంది.

అపోహ: టేకు అయితే చెద పట్టదు.

వాస్తవం: చెదను తట్టుకునేది చెట్టు నడిమిలోని చేవ. అంచున ఉండే తెల్ల కర్ర టేకుదైనా, వేపదైనా పురుగుకు ఆహారమే. తోటలో కొట్టిన మామిడి చెక్కతోనూ తలుపు చేయవచ్చు; కాకపోతే నీడలో బాగా ఆరబెట్టి, పురుగు మందు పట్టించి, నేలకు తగలకుండా ఉంచాలి.

రంగు విషయంలో కనబడే రెండు ముఖాలకు వేస్తే చాలనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే పలక కోసిన కొస దాని ముఖం కంటే ఎన్నో రెట్లు వేగంగా నీరు పీలుస్తుంది. తలుపు ఎక్కించాక కింది అంచుకు కుంచె అందదు కాబట్టి, ముందే అక్కడ ప్రైమరు రెండు మూడు పూతలు పట్టించాలి.

ఎక్కించేటప్పుడు ద్వారబంధానికి ముందూ పక్కా రెండు వైపులా తూకం గుండు వేలాడదీసి చూడండి. కింద చెక్క ముక్కలు పెట్టి తలుపును అర అంగుళం పైకి లేపి, బందులను అడ్డబద్దెల మీదికి వచ్చేలా ఉంచి, ఒక్కో బందుకు ఒక్కో మరమేకు మాత్రమే బిగించండి. తలుపును సగం తెరిచి వదిలితే ఎక్కడ వదిలారో అక్కడే నిలవాలి. దానంతట అదే తెరుచుకుంటున్నా, మూసుకుంటున్నా తప్పు తలుపుది కాదు, ద్వారబంధానిది. దాన్ని సరిచేసిన తర్వాతే మిగిలిన మరమేకులు బిగించండి.