జెర్బెరా కంటే ముందు కొబ్బరి పొట్టుకు ఆకలి తీర్చాలి

మొదటిసారి కొబ్బరి పొట్టు సంచుల్లో జెర్బెరా పూల మొక్కలు వేసినప్పుడు నెల తిరక్కుండానే లేత ఆకుల అంచులు మాడిపోయాయి. చూస్తే కాల్షియం లోపం. డ్రిప్‌లో కాల్షియం నైట్రేట్ ఇస్తూనే ఉన్నాను, మరి అదంతా ఎక్కడికి పోతోందో తెలియక చాలా టెన్షన్ పడ్డాను. పొట్టే లాగేసుకుంటోంది!

పీచు తీశాక మిగిలే గోధుమరంగు పొడే ఈ పొట్టు, కోనసీమలో పీచు తీసే చోట గుట్టలుగా కనిపిస్తుంది. ఉత్త పొడిలా ఉన్నా దాని కణాల మీద రుణావేశం ఉంటుంది, దానికి సోడియం, పొటాషియం అతుక్కుని ఉంటాయి. కొబ్బరి డొక్కల్ని ఉప్పునీళ్లలో నానబెట్టి తీసిన పొట్టయితే సోడియం మరీ ఎక్కువ. మామూలు నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా విడిగా ఉన్న ఉప్పు పోతుంది గానీ, ఇలా అతుక్కున్నది సరిగా వదలదు. కాల్షియానికి రెండు ధనావేశాలు, సోడియం, పొటాషియంలకు ఒక్కొక్కటే, కాబట్టి కాల్షియం వచ్చి వాటిని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. ఈ మార్పిడి మొక్క పెట్టకముందే జరిగిపోవాలి. పొట్టును కాల్షియం నైట్రేట్ నీళ్లలో ఒక రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు వంపేసి, మళ్లీ మంచినీళ్లతో కడగాలి, కారే నీళ్ల ఈసీ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పే కొలత) 0.5 దగ్గరికి దిగేదాకా. అమ్మేవాళ్లు 'కడిగిన పొట్టు' అన్నంత మాత్రాన ఈ పని అయిపోయినట్టు కాదు, అడిగి తెలుసుకోండి.

జెర్బెరా వేళ్లకు గాలి కూడా కావాలి. మెత్తటి పొడి ఒక్కటే నింపితే తడికి బురదలా అయిపోతుంది, అందుకే కొబ్బరి డొక్క ముక్కలు కలుపుతాను. చిగురు వచ్చే నడిమి భాగాన్ని మాత్రం ఎప్పుడూ పూడ్చకండి, అది ఒకటి రెండు సెంటీమీటర్లు పైకే ఉండాలి, లేదంటే కుళ్లు పడుతుంది.

ఇక ఎరువు. తెలంగాణలో చాలా బోర్ల నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ, దాంతో సంచిలో పీహెచ్ పైకి పోతుంది. 6.5 దాటితే ఇనుము వేళ్లకు అందడం కష్టమవుతుంది, లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది చూసి ఇంకా ఇంకా ఇనుము పోస్తారు, అసలు చేయాల్సింది నీళ్లలో కొలతగా ఆమ్లం కలిపి పీహెచ్‌ను 5.5 నుంచి 6 మధ్యకు దించడం. కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్లతో గానీ ఫాస్ఫేట్లతో గానీ చిక్కగా ఒకే ట్యాంకులో కలపకూడదు, సల్ఫేటుతో జిప్సం ఏర్పడి అడుగున పేరుకుంటుంది, డ్రిప్పర్లు మూసుకుపోతాయి. అందుకే రెండు ట్యాంకులు. పొలంలో అలవాటైన యూరియా ఇక్కడ వద్దు. మట్టిలో దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు దండిగా ఉంటాయి, కొత్త పొట్టులో అంతగా ఉండవు, అమ్మోనియం పేరుకుని వేళ్లను దెబ్బతీస్తుంది. నత్రజని మరీ ఎక్కువైనా నష్టమే, ఆకు గుబురుగా వస్తుంది, పూల కాడ మాత్రం మెత్తబడి మార్కెట్‌కు చేరేలోపే వంగిపోతుంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నాలుగు సంచుల కింద కారిన నీళ్లు పట్టి ఈసీ చూస్తాను. ఇచ్చేది 1.5 ఉండి కారేది 2.5 దాటితే సంచిలో లవణాలు పేరుకుంటున్నట్టు లెక్క, ఆ రోజు ఎరువు తగ్గించి నీళ్లు పెంచుతాను.